రాజు, స్వప్న, సీతమ్మ

డబ్బు విషయంలో జనానికి నాలుగు మంచి మాటలు చెప్పాలని మన ప్రభుత్వ సంస్థలు గత మూడున్నర దశాబ్దాల్లో ఎన్నో పుస్తకాలు వేశాయి. వాటిలోంచి ముగ్గురిని ఏరి పక్కపక్కన నిలబెట్టి చూడాలని ఈ వ్యాసం. మొదటివాడు రాజు. రిజర్వు బ్యాంకు బొమ్మల పుస్తకాల్లో ఉంటాడు. రెండో మనిషి స్వప్న. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి అర్థశాస్త్రంలో ద్రవ్యం, పరపతి గురించిన పాఠంలో కనిపించే చిన్నరైతు. మూడో మనిషి సీతమ్మ. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడికొచ్చే ఆడవాళ్ల చేతికిచ్చిన వాచకంలోని పాత్ర.

ఆర్థిక అక్షరాస్యత మీద మాట్లాడేటప్పుడు అధికారులు ఎన్ని శిబిరాలు పెట్టామో, ఎంతమంది వచ్చారో చెబుతారు. ఆ శిబిరంలో పంచిన పుస్తకంలో ఏముంది, అది తన పాఠకుణ్ణి ఎలాంటి మనిషిగా ఊహించుకుంది, కష్టానికి కారణం ఎవరని చెప్పింది అన్న ప్రశ్నలు మాత్రం చర్చకు రావు. ఒక కథల సంపుటిని ఎంత శ్రద్ధగా విమర్శిస్తామో ఈ పుస్తకాలనూ అంత శ్రద్ధగా చూడాలి. ఒక నవల బాగాలేకపోతే పాఠకుడికి ఒక సాయంత్రం పోతుంది. ఈ పుస్తకం సరిగా లేకపోతే ఒక ఇంటి పొలం కాగితాలు తాకట్టులోకి వెళ్లిపోతాయి.

ముందు రాజు సంగతి. రిజర్వు బ్యాంకు ఈ పేరుతో చాలాకాలం కిందటే ‘రాజు అండ్ ది మనీ ట్రీ’ అనే బొమ్మల పుస్తకం వేసింది. బ్యాంకంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి రాసింది అది. 2022లో ముంబయిలోని అంబుడ్స్‌మన్ కార్యాలయం తెచ్చిన ‘రాజు అండ్ ది ఫార్టీ థీవ్స్’లో రాజు మళ్లీ వచ్చాడు. ఈసారి నలభై రకాల మోసాలు అతని ముందుకొస్తాయి. కేవైసీ గడువు అయిపోయిందని ఫోను వస్తుంది. డబ్బు మీ ఖాతాలో పడాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండంటారు. ఫోను తెర అవతలివాడికి కనిపించే యాప్ వేసుకోమంటారు. లేని ఉద్యోగానికి ముందుగా రుసుము కట్టమంటారు. ప్రతి కథ చివరా ఏం చేయాలో, ఏం చేయకూడదో ఉంటుంది.

ఈ పుస్తకానికి దక్కాల్సిన మెప్పు ముందు ఇవ్వాలి. దొంగ ఏ మాటతో మొదలుపెడతాడు, ఏ మెట్టు దగ్గర తొందరపెడతాడు అన్నది ఇంత విడమరిచి చెప్పిన ప్రభుత్వ పుస్తకాన్ని అంతకుముందు నేను చూడలేదు. డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టక్కర్లేదన్న ఒక్క ముక్క గుర్తుండిపోయినా చాలామంది జీతాలు మిగులుతాయి. అది గద్దె మీంచి చేసే ఉపన్యాసం కాదు, పనికొచ్చే సమాచారం. చదువు తక్కువున్న మనిషి కూడా బొమ్మ చూసి పోల్చుకోగలడు.

నా అభ్యంతరం కథ నడిచిన తీరు మీద. దాదాపు ప్రతి కథలోనూ పొరపాటు చేసేవాడు రాజే. దొంగ చీకట్లోంచి వస్తాడు, చీకట్లోకే పోతాడు. ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది, ఆ ఖాతా ఎవరు తెరిచారు, ఏ పత్రాలు చూసి తెరవనిచ్చారు అన్నవి కథ నడకలోకి రావు. ఇన్నిసార్లు మోసపోయిన మనిషిని చూసిన పాఠకుడికి చివరికి మిగిలేది, మోసపోయినవాడిదే తప్పన్న భావం. ఆ భావం ప్రమాదకరం. మన ఇళ్లలో డబ్బు పోగొట్టుకున్న మనిషి మొదట చేసేది దాచడం. భార్యకు చెప్పడు, కొడుకుకు చెప్పడు, బ్యాంకుకైతే అసలు చెప్పడు. కాని కాలమే ఇక్కడ ప్రాణం. 2017 జూలైలో రిజర్వు బ్యాంకే ఒక నియమం పెట్టింది. తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లదైతే, మూడు పని దినాల్లోపు బ్యాంకుకు తెలియజేసినవాళ్లకు నష్టభారం ఉండదు. ఓటీపీ తానే చెప్పేసినవాడైతే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం తనది, తెలియజేశాక జరిగేది బ్యాంకుది. అంటే సిగ్గుపడి దాచిన ప్రతి గంటా డబ్బు రూపంలో పోతుంది. సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయమని ప్రభుత్వం మొత్తుకునేదీ అందుకే. మోసపోవడం నేరం కాదనీ, మోసపోయిన మొదటి పది నిమిషాల్లో చేయాల్సింది ఇదనీ రాజు కథలు ఇంకా గట్టిగా చెప్పాలి.

ఇక స్వప్న. ఆమె కథ పాఠ్యపుస్తకంలో సగం పేజీ కూడా ఉండదు. మూడెకరాల్లో వేరుశనగ వేస్తుంది. సాగు ఖర్చులకు వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తెస్తుంది. చీడపట్టి పంట పోతుంది. మందులు కొట్టినా నిలవదు. అప్పు తీరదు, ఏడాది తిరిగేసరికి పెరుగుతుంది. మరుసటి ఏడు మళ్లీ అప్పు తెచ్చి పంట వేస్తుంది. ఈసారి పంట మామూలుగానే వస్తుంది, కాని పాత బాకీ తీరేంత రాదు. భూమిలో కొంత అమ్ముకుంటుంది. ఆమెకు ముందు అదే పాఠంలో సలీం అనే చెప్పుల తయారీదారు ఉంటాడు. మూడు వేల జతల ఆర్డరు వస్తే అరువుకు తోలు తెచ్చి, వ్యాపారి దగ్గర కొంత బయానా తీసుకుని, సరుకు సకాలంలో అందించి లాభపడతాడు. ఒకరికి అప్పు మెట్టయింది, ఇంకొకరికి గొయ్యి అయింది. తేడా వాళ్ల తెలివితేటల్లో లేదు. పంట నష్టపోయే ప్రమాదం ఎంత, నష్టపోతే ఆదుకునేది ఏముంది అన్నదాంట్లో ఉంది. పదిహేనేళ్ల పిల్లలకు ఈ మాట ఇంత సూటిగా చెప్పిన పాఠం ఇంకోటి నేను చూడలేదు.

ఆ పాఠంలోనే సోన్‌పూర్ అనే ఊరు వస్తుంది. ఎకరంన్నర రైతు శ్యామల్ ఒకప్పుడు నెలకు 5 శాతానికి అప్పు తెచ్చేవాడు. ఇప్పుడు వ్యాపారి దగ్గర నెలకు 3 శాతానికి తెస్తున్నాడు, బదులుగా పంట ఆ వ్యాపారికే అమ్మాలి. ఏడెకరాల అరుణ్‌కు బ్యాంకు ఏడాదికి 8.5 శాతానికి ఇస్తుంది. భూమిలేని కూలీ రమ తను పనిచేసే ఆసామి దగ్గరే నెలకు 5 శాతానికి తెస్తుంది. 5,000 బాకీ ఉంది. ఉపాధ్యాయుడు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, పిల్లల చేత సుద్దముక్క పట్టించి లెక్క వేయిస్తే చాలు. రమ 5,000కు ఏడాదికి 3,000 వడ్డీ కడుతుంది. అదే డబ్బు అరుణ్ లాంటివాడు తెస్తే 425 కడతాడు. అందరికంటే తక్కువ ఉన్న మనిషి అందరికంటే ఎక్కువ కడుతోంది. ఎందుకని పిల్లలు అడుగుతారు. అడగాలి. హామీ పెట్టడానికి ఆమె పేర ఏమీ లేదు కనక, అన్న జవాబు పాఠంలోనే ఉంది.

రాజు కథలకూ స్వప్న పాఠానికీ మధ్య అసలు భేదం ఇక్కడుంది. రాజుకు కులం లేదు, భూమి లేదు, ఊరు లేదు. అతని ముందు ఎప్పుడూ రెండు దారులుంటాయి. జాగ్రత్తపడితే మంచి దారి దొరుకుతుంది. స్వప్న ముందు ఒకే దారి ఉంది. ఆమె ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ ఊళ్లో ఆమెకు అప్పిచ్చేది ఆ వడ్డీ వ్యాపారే. రిజర్వు బ్యాంకు ఆర్థిక అవగాహన సందేశాలు మితంగా అప్పు చేయండి, సమయానికి తీర్చండి అంటాయి. పంట పోయిన ఏడాది ఆ సందేశం స్వప్న గుమ్మం ముందు నిలబడితే ఆమె ఏం చేయాలి? ఆ ప్రశ్న అడగగలిగింది పాఠ్యపుస్తకమే. ఈ పోలికలో నిజాయితీ స్వప్న పక్షాన ఉంది. నాకు సందేహం లేదు.

అయితే నిజాయితీ ఉన్నంతలో పని జరిగిపోదు. స్వప్న కూడా రాజులాగే నోరు విప్పదు. ఆమెకు జరుగుతూ ఉంటుంది, ఆమె ఏమీ చేయదు. పాఠం చదివిన పిల్లకు లోకం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. రేపు తన తండ్రి సంతకం పెట్టబోయే కాగితంలో ఏముందో మాత్రం తెలియదు. పరీక్షలో సంస్థాగత రుణాలకూ సంస్థాగతేతర రుణాలకూ తేడాలు రాయమంటారు. రాస్తారు, మార్కులొస్తాయి. చక్రవడ్డీ లెక్క ఎనిమిదో తరగతి గణితంలో ఉంటుంది, అప్పు కష్టం సాంఘికశాస్త్రంలో ఉంటుంది. ఇద్దరు ఉపాధ్యాయులు, రెండు పీరియడ్లు, రెండు నోట్‌బుక్కులు. మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ డబ్బు, బ్యాంకులు, పరపతి గురించి పాఠాలు వచ్చాయి, బాగానే రాశారు. ఆ పాఠాల్లోకి లెక్క రాలేదు.

లెక్క ఎందుకంత ముఖ్యమో రెండు ఉదాహరణలు చెబుతాను. మన పట్నాల్లో కూరగాయల బండివాళ్లకు, టిఫిన్ సెంటర్లవాళ్లకు తెలిసిన రోజువారీ ఫైనాన్స్ ఒకటుంది. 10,000 అప్పని రాసుకుని ముందే 1,000 కోసుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. కట్టేవాడు వెయ్యేగా వడ్డీ, నూటికి పది అనుకుంటాడు. కాని తొలిరోజు నుంచే అసలు తీరిపోతూ ఉంటుంది. వంద రోజుల పొడవునా అతని చేతిలో సగటున ఉండేది తీసుకున్నదాంట్లో సగం చిల్లర మాత్రమే. లెక్కకట్టి చూస్తే ఏడాదికి 77 శాతం పైనే పడుతుంది. ఇంకోటి షాపులో సామాను కొనేటప్పుడు చెప్పే ఫ్లాట్ వడ్డీ. 12,000కు 12 శాతం, ఏడాదిలో నెలకు 1,120 చొప్పున కట్టమంటారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే అది దాదాపు 21.5 శాతం. ఈ రెండు లెక్కలూ తొమ్మిదో తరగతి పిల్ల చేయగలదు. ఏడాది మొత్తంలో రెండు పీరియడ్లు పడతాయి. ఇది తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే ఆ ఇంటి తండ్రి బేరం ఆడే పద్ధతి మారిపోతుంది.

మూడో పాత్ర సీతమ్మ పాఠం పేరుకు డబ్బు పాఠం కాదు. సారా వల్ల ఇల్లు గుల్లవుతున్న ఆడమనిషి కథ. కాని కూలి డబ్బులు సారా దుకాణానికి పోతే ఇంటికి మిగిలేదేమిటన్న ప్రశ్నకు మించిన ఆర్థిక పాఠం ఆ ఊళ్లలో ఇంకొకటి లేదు. అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు రాత్రిపూట కలిసి కూర్చుని ఆ కథ చదివారు. మన ఊరి సంగతి ఏమిటని మాట్లాడుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వాళ్ల పోరాటం మరో వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు పోయింది. ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా దుకాణానికి పోని రూపాయి ఇంట్లో మిగిలింది. ఆ రూపాయిని రోజుకొకటి చొప్పున దాచుకుందామని నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి.

దీన్ని రాజు పక్కన పెట్టి చూడండి. రాజు పుస్తకం ఒంటరిగా చదివేది, తనను తాను సరిదిద్దుకోవడానికి చదివేది. సీతమ్మ పాఠం పదిమంది కలిసి చదివింది, ఊరిని సరిదిద్దడానికి చదివింది. స్వప్న పాఠం కారణాలు చెప్పింది కాని చదివేవాళ్ల ఊరి పేరు ఎత్తలేదు. సీతమ్మ పాఠం చదువుతున్నవాళ్లు కిటికీలోంచి చూస్తే సారా దుకాణం కనిపించేది. అధికారులు ఇంత ఊహించి ఆ పాఠం రాశారని నేననుకోను. కలిసి చదవడం, సొంత ఊరి ఉదాహరణ, వెంటనే చేయదగ్గ పని, ఈ మూడూ కలిసిన పాఠ్యం ఎంత దూరం పోగలదో మాత్రం అక్కడ తేలిపోయింది.

తర్వాత వచ్చిన పొదుపు సంఘాలు ఆ బడికి కొనసాగింపు. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టే పని మొదలుపెట్టింది. 2000 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, దాని వెలుగు పథకం వచ్చి గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, ఎప్పటికప్పుడు పుస్తకాల రాత అనే పంచసూత్రాలు సంఘం సభ్యురాలికి నోటికి వచ్చు. తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టేముందు చదివి వినిపించమనడం, ఎవరి పేర ఎంత బాకీ ఉందో పదిమందిలో పైకి చెప్పించడం, ఈ అలవాట్లు ఏ బొమ్మల పుస్తకమూ నేర్పలేదు. సొంత డబ్బుతో, సొంత తప్పులతో నేర్చుకున్నవి. ఆర్థిక అక్షరాస్యతకు తెలుగునేల దేశానికిచ్చిన అసలైన పాఠ్యపుస్తకం సంఘం లెక్కల పుస్తకమే అని నా నమ్మకం.

కాని ఆ నమ్మకాన్ని కూడా 2010 దగ్గర నిలబెట్టి పరీక్షించాలి. దేశంలోనే బలమైన సంఘాలు ఉన్న రాష్ట్రంలో, పదేళ్లు లెక్కలు రాసిన ఆడవాళ్లే సూక్ష్మ రుణ సంస్థల వారం వారం వాయిదాల కింద నలిగిపోయారు. ఒక సంస్థ అప్పు తీర్చడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఆ ఆగస్టులోనే షేర్ మార్కెట్లో నమోదైంది. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్లకు కళ్లెం వేసింది, వారం వాయిదాల స్థానంలో నెల వాయిదాలు పెట్టింది. ఆ ఆడవాళ్లకు తెలియనిది ఏముంది? వడ్డీ తెలుసు, వాయిదా తెలుసు, పుస్తకం రాయడం తెలుసు. కాని అప్పిచ్చేవాళ్లు ఒకరి వెంట ఒకరు ఊళ్లోకి దిగి, ఈ ఇల్లు ఎంత మోయగలదని ఎవరూ చూడకుండా ఇచ్చుకుంటూ పోతే, తెలిసినవాళ్లూ మునుగుతారు. 2022లో రిజర్వు బ్యాంకు ఒక హద్దు గీసింది. సూక్ష్మ రుణాలిచ్చేటప్పుడు ఇంటి నెలసరి ఆదాయంలో సగానికి మించి వాయిదాలకు పోకూడదని నియమం పెట్టింది. ఏ శిబిరమూ చేయలేని మేలు ఆ ఒక్క వాక్యంలో ఉంది. పౌరుడికి చదువు చెప్పడం అప్పిచ్చేవాడి మీద కాపలాకు బదులు కాదు. ఈ సంగతి మరిచిన ఆర్థిక అక్షరాస్యత కార్యక్రమాన్ని నేను సమర్థించలేను.

బడిలో చెబితే ప్రయోజనం ఉంటుందా అన్నది మిగిలిన ప్రశ్న. దీనికి బయటి దేశాల్లో చేసిన పరిశోధనలు ఒకదానితో ఒకటి గట్టిగా తగాదా పడ్డాయి. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమెయర్ 201 అధ్యయనాలను కలిపి చూసి, మనుషుల ఆర్థిక ప్రవర్తనల్లోని తేడాల్లో ఇలాంటి బోధన వివరించగలిగేది 0.1 శాతమే అన్నారు. నెలలు గడిచేకొద్దీ నేర్చుకున్నది ఆవిరైపోతుందనీ తేల్చారు. 2022లో కైజర్, లుసార్డి, మెంకాఫ్, అర్బన్ 76 ప్రయోగాలను కలిపి చూసి, తెలివిలోనూ నడతలోనూ మేలు కనిపిస్తోందన్నారు. నేను ఈ సగటుల కంటే బ్రెజిల్‌కే ఎక్కువ విలువిస్తాను. 2010, 2011లలో ఆరు రాష్ట్రాల్లో 892 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, సుమారు 25,000 మంది విద్యార్థులతో అక్కడ ప్రయోగం జరిగింది. డబ్బు పాఠాన్ని విడి సబ్జెక్టుగా పెట్టకుండా గణితంలో, చరిత్రలో, భాషలో కలిపేశారు. ఇంటికి తీసుకెళ్లి తల్లిదండ్రులతో చేయాల్సిన పనులిచ్చారు. పిల్లల అవగాహన పెరిగింది, పొదుపు కాస్త పెరిగింది, తల్లిదండ్రుల తీరులో కూడా మార్పు వచ్చింది. అదే సమయంలో ఆ పిల్లలు ఖరీదైన అప్పుల వైపూ మొగ్గు చూపారు. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే ఆ మొగ్గు తిరగబడింది. పాఠం విన్నవాళ్లు ఖరీదైన అప్పులకు దూరంగా ఉన్నారు, వాయిదాలు ఆలస్యం చేయడమూ తగ్గింది. పాఠం ఫలం పరీక్ష మర్నాడు తేలదు, పిల్ల సంపాదన మొదలుపెట్టాక తేలుతుంది.

ఇండోనేసియా నుంచి ఇంకో చేదు నిజం ఉంది. బ్యాంకు ఖాతా తెరవడం గురించి పాఠం చెబితే మొత్తం మీద పెద్దగా ఫలితం రాలేదు. ఖాతా తెరిస్తే కొద్దిపాటి డబ్బు ఇస్తామంటే జనం వచ్చారు. పేదవాడు ఖాతా తెరవకపోవడానికి అజ్ఞానమే కారణమని తీర్మానించేముందు ఈ ఫలితం గుర్తుకు రావాలి. బస్సు చార్జీ, పోయిన ఒక రోజు కూలి, వరసలో నిలబడటం, ఇవీ లెక్కలోకి రావాలి.

మన దగ్గర కొలిచే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019 సర్వేలో పెద్దవాళ్లలో 27 శాతం మందినే ఆర్థిక అక్షరాస్యులుగా లెక్కగట్టింది. 2020లో జాతీయ వ్యూహం కూడా వచ్చింది. బడిపిల్లలకు ఏటా బహుళైచ్ఛిక ప్రశ్నలతో పోటీ పరీక్ష ఉంది. ఫిబ్రవరిలో ఆర్థిక అక్షరాస్యత వారం జరుపుతారు. 2024లో ఆ వారాన్ని ముఖ్యంగా విద్యార్థుల కోసం జరిపారు. చేయనివ్వండి, మంచిదే. కాని నాలుగింట్లో సరైన జవాబుకు టిక్కు పెట్టిన పిల్ల రేపు ఫోనులో వచ్చిన అప్పు యాప్ ముందు ఎలా ఉంటుందో ఆ మార్కులు చెప్పవు. ఒకప్పుడు హైస్కూళ్లలో సంచయిక అనే పిల్లల పొదుపు బ్యాంకు నడిచేది. పిల్లలే గుమాస్తాలు, పిల్లలే ఖాతాదారులు, పాసు పుస్తకంలో వాళ్ల చేతిరాత. అందులో చదివినవాళ్లకు ఆ పుస్తకం ఇప్పటికీ గుర్తుంటుంది. ఆ పద్ధతి ఎత్తిపోయి దాని స్థానంలో క్విజ్ పోటీ మిగలడం బడికి జరిగిన నష్టం.

మరి మన బడులు ఏం చేయాలి? నా జవాబు ఈ ముగ్గురిలోంచే వస్తుంది. రాజు దగ్గర నుంచి మోసాల వివరం తీసుకోవాలి, నింద తీసేయాలి. స్వప్న దగ్గర నుంచి కారణాలు తీసుకోవాలి, పక్కన లెక్క చేర్చాలి. సీతమ్మ దగ్గర నుంచి కలిసి చదివే పద్ధతి తీసుకోవాలి. దీనికి కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. పిల్లల సంచుల్లో ఇప్పటికే బరువు చాలా ఉంది. పరపతి పాఠం జరిగే వారంలోనే గణిత ఉపాధ్యాయుడు వడ్డీ లెక్కలు చెబితే సగం పని అయిపోతుంది. ఊళ్లో గ్రామ సంఘానికి పుస్తకాలు రాసే ఆమెను ఒక పూట తరగతికి పిలిస్తే మిగతా సగం అవుతుంది. ఆమెకు అతిథి ఉపాధ్యాయురాలి గౌరవం ఇవ్వాలి, ఆ పూటకు గౌరవ వేతనమూ ఇవ్వాలి. తన సంఘంలో ఒక అప్పు ఎలా తీర్మానమైందో, ఎవరు అడ్డు చెప్పారో, వాయిదా తప్పినప్పుడు ఏం చేశారో ఆమె చెప్పగలిగినట్టు మరెవరూ చెప్పలేరు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేర పొదుపు ఖాతా సొంతంగా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు అనుమతించింది. కాబట్టి పిల్ల చేతిలో నిజమైన పాసు పుస్తకంతోనే పాఠం చెప్పవచ్చు.

ఇక తరగతిలో చదివించాల్సిన పాఠ్యం కూడా సిద్ధంగానే ఉంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తులకూ చిన్న వ్యాపారులకూ ఇచ్చే కొత్త వాయిదా రుణాలన్నింటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని 2024 అక్టోబరు 1 నుంచి నియమం అమల్లో ఉంది. వడ్డీ, రుసుములు అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో, ఏ నెల ఎంత కట్టాలో, ఫిర్యాదు ఎవరికి చేయాలో అందులో ఉంటుంది. అందులో చెప్పని రుసుమును అప్పు తీసుకున్నవాళ్ల స్పష్టమైన ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. పేర్లు చెరిపేసిన అలాంటి ఒక కాగితాన్ని రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు తొమ్మిదో తరగతి పుస్తకంలో అచ్చువేయాలి. పిల్లల చేత చదివించి, లెక్క సరిపోయిందో లేదో వాళ్ల చేతనే తేల్పించాలి. ఇది నేను రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్న కోరిక.

ఆ పుస్తకం వచ్చేదాకా ఈ వ్యాసం చదివినవాళ్లు ఒక పని చేయవచ్చు. అప్పుకోసం వెళ్లినప్పుడు ఆ కాగితం అడగండి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని నియమంలోనే ఉంది, తెలుగులో ఇమ్మనండి. వారం రోజులు, అంతకుమించిన గడువున్న అప్పుకైతే అందులోని షరతులు కనీసం మూడు పని దినాలు చెల్లుతాయి. అక్కడికక్కడ సంతకం పెట్టక్కర్లేదు. ఇంటికి తెచ్చి, బడికెళ్లే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల చేత పైకి చదివించుకున్నాకే పెట్టండి.